దిగినవాళ్ళు, తీసినవాళ్ళు

వెనక్కి, ఇంకా వెనక్కి అని నా బొటనవేలికి నేనే చెప్పుకుంటున్నాను. ఫోను తెర మీద నా కూతురు వెనక్కి పెరుగుతోంది. నడక మర్చిపోయి పాకుతోంది, పాకడం మర్చిపోయి బోర్లా పడుతోంది, పళ్ళు ఒక్కొక్కటే చిగుళ్ళలోకి పోతున్నాయి. ఎదురుగా ఉన్న పచ్చ తలుపు వెనక అదే కూతురికి మత్తిచ్చి పడుకోబెట్టారు. ఆరాధన దాని పేరు. ఏడాదిన్నర. గంట పడుతుందమ్మా, కన్ను లోపల అంతా చూడాలి, కన్ను ఉంచొచ్చో తీసేయాలో చూశాక చెప్తాను అని డాక్టరమ్మ తలుపు దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు తిరిగి వచ్చింది. నీ ఫోనులో పాప ఫోటోలు ఉంటాయి కదా, కుడి కంట్లో ఈ తెలుపు మొట్టమొదట ఏ ఫోటోలో పడిందో వెతికి పెట్టు, ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలిస్తే మేం చేయాల్సింది తెలుస్తుంది, అంది. హైదరాబాదు నుంచి గురువారం గురువారం కర్నూలుకు వచ్చే డాక్టరమ్మ. ఈ గురువారం దాటితే మళ్ళీ వారం. చీటీ మీద ‘డిసెంబరు నుంచి’ అని రాసి ఉంది. ఆ మాట నేను చెప్పిందే. నాలుగు వందల పన్నెండు ఫోటోలు ఉన్నాయి నా ఫోనులో. వెతకాల్సిన పని లేదు నాకు. అది ఏ ఫోటోనో నాకు తెలుసు. అది ఈ నాలుగు వందల పన్నెండులో లేదు, ఇంకోచోట ఉంది. అక్కడికి వేలు పోనంటోంది కాబట్టి వెతుకుతున్నట్టు వెతుకుతున్నాను.

బల్ల చల్లగా ఉంది. వీపు ఆనించడానికి గోడ దూరంగా ఉంది. తెల్లవారుజాము నుంచి బిడ్డకు పాలు ఇవ్వొద్దన్నారు. ఆత్మకూరు నుంచి వచ్చేదాకా బస్సులో అది నా రవిక పట్టుకొని గుంజుతూ ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవిలో కాదు, రొమ్ముల్లో ఉంది. రవిక తడిసింది, కొంగు కప్పుకున్నాను. పక్కన మా అత్త విశ్వాసమ్మ గుడ్డ సంచిలో బైబిలు ఒళ్ళో పెట్టుకొని, తెరవకుండా, ప్రభువా ప్రభువా అంటూ ఊగుతోంది. చదువు రాదు ఆమెకు. చదివి పెట్టమని నన్ను అడగదు కూడా, ఈమధ్య. నేను ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టినప్పటి నుంచి. అంగన్‌వాడీలో ఆయాగా ఉన్నదాన్ని టీచరు కావాలంటే పది పాసవ్వాలి. తొమ్మిదిలో ఆపించారు నన్ను, మిరపకాయల కోతకు చేతులు తక్కువై. ఒక్క పంట కారుకే అన్నారు. ఆ ఒక్క కారు ఏళ్ళు సాగి, పెళ్ళయి, బిడ్డ పుట్టాక గానీ తెగలేదు. పుస్తకం చేతిలోకి తీసుకుంటే అత్త అనేది: “మా కోడలు ఫోటోలు చదువుతాందంట చూడండమ్మా. అక్షరాలన్నీ అయిపోయినాయి, ఇంగ బొమ్మల మీద పడింది.” ఆ మాటకు నవ్వని ఇల్లు లేదు మా వీధిలో. నేనూ నవ్వాను.

క్రిస్మస్ ఫోటో వచ్చింది వేలి కింద. మా చర్చిలో తీసింది. ఆరుగురు పిల్లలు దేవదూతల వేషాల్లో ఉన్నారు, అట్టముక్కల రెక్కలు, తల చుట్టూ మెరుపు కాగితం. చివర అత్త ఒళ్ళో ఆరాధన. దాని రెక్క ఒకటి అత్త చెయ్యి కింద నలిగి ఉంది. దాని కుడి కంట్లో ఒక తెల్లటి వెలుగు. ఆ ఫోటో చూసి ముందు ఎవరన్నారో తెలియదు, అత్త మాత్రం పట్టుకుంది ఆ మాటను: “క్రిస్మస్ నక్షత్రం నా మనమరాలి కంట్లో దిగినాది.” పాస్టరయ్య భార్య అవునవునంది. ఎవరో ఫ్రేము కట్టించి ఇచ్చారు. గోడకు ఉంది ఇప్పుడు ఇంట్లో, గడియారం పక్కన. వచ్చినవాళ్ళందరికీ అత్త చూపించేది, వేలు ఆ కన్ను మీద పెట్టి. అద్దం మీద ఆ చోట నూనె మరక పడింది. ఆ మరక తుడుస్తూ నేను ఎన్నిసార్లు చూశాను ఆ కన్నును. చూడ్డం వేరు, చూసింది చెప్పడం వేరు అని నాకు ఇంకా ఎవరూ నేర్పలేదు అప్పటికి. నేర్పలేదా? ఇది కూడా నిజం కాదేమో. అలుపుగా ఉంది, నిజాన్ని అటూ ఇటూ తిప్పే ఓపిక లేదు.

దిగడం అనే మాట చిన్నప్పుడు నన్ను భయపెట్టింది. మూడో తరగతిలో కెమెరా ఆయన బడికి వచ్చి, ఫోటో దిగుదురు రాండి పిల్లోల్లారా అన్నాడు. నేను కదల్లేదు. యాడికి దిగాల సార్ అని అడిగాను. మా ఊళ్ళో దిగేది ఒక్కటే ఉంది, దిగుడుబావి. తెల్లారకముందే అమ్మ వెంట ఆ మెట్లు దిగేదాన్ని. నీళ్ళు ఏ మెట్టు దగ్గర మొదలవుతాయో చీకట్లో తెలిసేది కాదు, పాదం తడిసినప్పుడే తెలిసేది. సార్లు నవ్వారు, పిల్లలు నవ్వారు, ఆ ఫోటోలో అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నే కాళ్ళ వైపు చూసుకుంటూ ఉన్నాను. ఫోటో తీసేవాడు తీస్తాడు, మిగతావాళ్ళం దిగుతాం. ఈ నాలుగు వందల పన్నెండు ఫోటోల్లో నేను ఎక్కడా లేను. తీసింది నేనే కదా. ఒక్కదాంట్లో మాత్రం నా నీడ ఉంది, ఎర్రమట్టి మీద పొడుగ్గా, కొంగు ఎగురుతూ, బిడ్డ కాళ్ళ దాకా పాకి.

చూసింది చెప్పడం నేర్పింది మా ఓపెన్ స్కూలు ప్రమీలారాణి మేడం. ఆదివారాలు ప్రార్థన అయిపోయాక చర్చి పక్క గదిలోనే మాకు పాఠం. ఆమె యెమ్మిగనూరు వైపు మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. బొమ్మ చూసి వర్ణించండి అని ప్రశ్న వస్తుందని ఒకరోజు పేపర్లో కత్తిరించిన ఫోటో ఒకటి తెచ్చింది. కింద రాసిన రెండు వరుసలూ కత్తెరతో తీసేసి. కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు, చంకల్లో బిందెలు. రాయండి అంది. ఏడుగురం రాశాం, ఏడుగురమూ ఒకటే రాశాం, కరువుతో నీళ్ళు లేక ఏడుస్తున్న స్త్రీలు అని. మేడం చదివి కాగితాలు బల్ల మీద పెట్టింది. “ఎవరు ఏడుస్తాండారు? వేలు పెట్టి చూపించండి.” ముందున్నామె అని చూపించాం. “కండ్లు మూసుకుంది, సరే. నీడ యాడ పడింది?” వెనక పడింది. అంటే ఎండ ముఖాన కొడుతోంది. “ఎండకు మూసుకోదా?” మేం మళ్ళీ ఫోటో మీదికి వంగాం. “బిందెలు ఖాళీనా, నిండువా?” అప్పుడు అంజనమ్మ, మనవడితో పందెం కట్టి పది రాస్తున్న పెద్దామె, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “అమ్మీ, నడుములు చూడండే. ఒరిగుండాయి. నిండు బిందెలే ఇవి.” నిండు బిందె చంకన పెట్టుకున్న మనిషి నడుము ఒక పక్కకు ఒరుగుతుంది, ఖాళీ బిందెకు ఒరగదు. మాకు తెలిసినంతగా ఈ సంగతి ఎవరికి తెలుసు? పుట్టినప్పటి నుంచీ ఒరిగిన నడుములే మావి. అయినా కరువనే రాశాం. మన ఊళ్ళ ఫోటో అంటే కరువే అని ఎవరో మాకు ముందే చెప్పి ఉంచారు, మేం కళ్ళతో కాకుండా ఆ చెప్పినదానితో చూశాం.

మొదట ఉండేది చెప్పండి, అనుకునేది తర్వాత, అనేది మేడం. అట్లా ఎందుకనుకున్నావో ఫోటోలో చూపించు. తీసినాయన యాడ నిలబడి తీసినాడో చెప్పు. ఆయప్ప పక్కకు ఒక్క అడుగు జరిగుంటే ఇంకేం పడుండేదో చెప్పు. వాళ్ళ నాయన మగ్గం మీద నుంచి దించిన చీరను వాకిట్లో వెలుగుకు ఎత్తి పట్టుకునేవాడట. బాగుండాదా నాయనా అని అడిగితే పలికేవాడు కాదట. బాగు సంగతి కొనేవాళ్ళు చూసుకుంటారు, నువ్వు పోగు యాడ తెగిందో చూడు, తెగినచోట ఎట్లా అతికినారో చూడు, అనేవాడట. ఇంకోసారి శ్రీశైలం డ్యాము గేట్లెత్తిన ఫోటో తెచ్చింది. నురగ, వంతెన మీద జనం, అందరి చేతుల్లో ఫోన్లు. అంజనమ్మ ఉన్నట్టుండి, “మా అమ్మ పుట్టినూరు ఈ ఫోటోలో ఉండాది మేడం” అంది. యాడ అని మేడం వంగి చూసింది. “నీళ్ళ కింద.” మేడం ఆ నీళ్ళ మీద వేలు పెట్టి, అది కూడా రాయి అంజనమ్మా, అయితే అగుపడదు అని ముందు రాసి, ఆ తర్వాత రాయి అంది. అగుపడదు అని ముందు రాయాలి. ఈ మాట నాకు ఎందుకో చలి పుట్టించింది. ఫోను కొంగులో దాచుకున్నాను.

దాచిన ఫోనునే తర్వాతి ఆదివారం తీయాల్సి వచ్చింది. అందరూ ఇంటినుంచి ఒక ఫోటో తెచ్చి చదవాలి. నేను క్రిస్మస్‌ది తెచ్చాను. అందరికీ తెలిసిన ఫోటో, పొగిడిన ఫోటో, అందులో భయపడేది ఏముంది. లేచి నిలబడి చెప్పాను: ఆరుగురు పిల్లలు, ఒక పెద్దామె. తీసినాయన ముందు నిలబడి, కొంచెం వంగి తీశాడు. ఫ్లాష్ వేశాడు, గోడ మీద రెక్కల నీడలు పడ్డాయి. ఫ్లాష్‌కు పిల్లల కళ్ళు ఎర్రగా పడ్డాయి. మొదటి పాపకు రెండూ ఎరుపు. రెండో బాబుకు రెండూ ఎరుపు. అట్లా వరుసగా చెప్పుకుంటూ పోయాను, మేడం చెప్పినట్టు ఒక్కటీ వదలకుండా, పోగు పోగూ. చివరి పాపకు ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. నక్షత్రమమ్మా అది అని వెనక నుంచి ఎవరో అన్నారు. మేడం చెయ్యెత్తి ఆపింది. “అది అనుకునేది. ఉండేది మళ్ళొకసారి చెప్పు ప్రసన్నా.” ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. “ఒకటే ఫ్లాషు కదా అందరి మీదా పడింది?” అవును మేడం. “మరి పదకొండు కండ్లు ఒకమాదిరి, ఒక కన్ను ఒకమాదిరి ఎందుకుండాది?” నేను నక్షత్రం అనబోయాను. మేడం ముఖం పాలిపోయి ఉంది. “నాకు తెలీదమ్మా. తెలిసినోల్లకు చూపించు. రేపే పో.” ఆత్మకూరులో చూసిన డాక్టరు మాట్లాడకుండా కర్నూలుకు చీటీ రాశాడు.

ఫోను మోగింది. ఉలిక్కిపడి ఎత్తాను. మా ఆయన. యేసుప్రసాద్. రాయచోటి అవతల బోరు లారీ మీద పని, కబురందిన వెంటనే బస్సెక్కాడు. “యాడున్యావు?” అన్నాను. “మైదుకూరు దాటినా. ఏమన్నారు?” ఇంకా లోపలే ఉండారని చెప్పాను. బస్సు రొద. ఎవరో పాటలు పెట్టుకున్నారు. “తీసేస్తే ఎట్లుంటాది ప్రసన్నా? గుంత ఉంటాదా?” భూమికి గుంతలు తొవ్వే మనిషి. ఆరునూర్లడుగులు దిగినా తడి తగలని గుంతల మీద రాళ్ళు పెట్టి వచ్చే మనిషి. తెలీదన్నాను. “నిజం చెప్పు, ఎప్పట్నుంచి ఉండాది అది?” క్రిస్మస్ నుంచే అన్నాను. నా గొంతు నాకే నున్నగా వినపడింది. “సరేలే. సాయంత్రమయితాది నేనొచ్చేసరికి. సంతకం అడిగితే నాకోసరం ఆగొద్దు, నువ్వే పెట్టు. చూస్తాండేదానివి నువ్వు కదా.” పెట్టేసే ముందు, నీళ్ళన్నా తాగు అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

చూస్తుండేదాన్ని నేను. ఆగస్టు రెండు, దాని మొదటి పుట్టినరోజు. బస్టాండు దగ్గర హనుమేష్ అన్న స్టూడియోలో ఫోటో తీయించాం, ఫ్లెక్సీకి. గులాబీ గౌను, తలకు పూల పట్టీ. తెల్ల గొడుగులోంచి ఫ్లాష్ టప్పుమన్నప్పుడల్లా అది ఎక్కిళ్ళు వచ్చేటట్టు నవ్వింది. సాయంత్రం హనుమేష్ అన్న ఫోటో పంపి, మాట కూడా పంపాడు: అక్కా, పాప కుడి కంట్లో తెల్లచుక్క పడింది, ఫ్లాష్ కొట్టింది అనుకుంటా, తీసేయాల్నా? నేను అప్పుడు బాణలిలోంచి బూందీ తీస్తున్నానో, బంధువులకు కాఫీలు ఇస్తున్నానో, ఒక చేత్తో ఫోను పట్టుకొని గొంతుతోనే జవాబు పంపాను. పది నిమిషాల్లో రెండో ఫోటో వచ్చింది. ఎడమ కంటిలోని నలుపును ఇంకోటి చేసి కుడి కంట్లో అతికించాడు. ఎంత బాగా అతికించాడు. చెయ్యి తిరిగిన పని. వీధి మొదట్లో పది అడుగుల ఫ్లెక్సీ మీద నా కూతురు రెండు నల్లటి కళ్ళతో నవ్వింది. రెండూ ఎడమ కళ్ళే. ఎవరూ కనిపెట్టలేదు. నేను కనిపెట్టాను. ఆ తర్వాత నేను ఫ్లాష్ వేసి ఒక్క ఫోటో తీయలేదని ఇప్పుడు, ఈ బల్ల మీద కూర్చొని వెనక్కి పోతుంటే తెలుస్తోంది. ఆగస్టు తర్వాత అన్నీ ఎండలో ఉన్నాయి. పక్కకు తిరిగి ఉన్నాయి. కుడి పక్క జుట్టు పడి ఉంది, పిల్లి చెవులు, పువ్వులు అంటించి ఉన్నాయి, టోపీ కిందికి లాగి ఉంది. అవన్నీ అట్లా కుదిరాయి అనుకుంటున్నాను. అనుకునేది తర్వాత. ఉండేది ఏమిటి? నూటా ముప్పై ఫోటోలు, ఒక్కదాంట్లోనూ కుడి కన్ను నేరుగా లేదు. తీసినామె ఎక్కడ నిలబడింది? ఎప్పుడూ ఎడమ పక్కనే. తీసినామెకు తెలుసు. తెలుసా? పేరు తెలియదు ఆ జబ్బుకు, అంతే. పేరు తెలియనిదాన్ని తెలియదు అనొచ్చని ఎవరు చెప్పారు నాకు?

తలుపు తెరుచుకుంది. ఆయమ్మ బకెట్టుతో వచ్చి పోయింది. ఇంకా కాలేదు. ఫినాయిలు వాసన. గోడ మీద ఆసుపత్రివాళ్ళు పెట్టిన ఫోటో, ఒక ముసలాయన కంటికి పట్టీ, నవ్వుతున్నాడు, భుజం మీద ఎవరిదో చెయ్యి, మణికట్టు దాకానే ఉంది, మనిషి లేడు. ఆ చేతికి గాజులున్నాయి. ఎందుకు తీసేశారు ఆ మనిషిని. నా వేలు హనుమేష్ అన్న పేరు మీద ఆగింది. పాత ఫోటో, కొత్త ఫోటో, మధ్యలో నా గొంతు, మూడు సెకన్లు. పాత ఫోటో మీద వేలు నొక్కి పట్టుకుంటే పైన చెత్తబుట్ట గుర్తు వస్తుంది. నొక్కితే చాలు. డిసెంబరు నుంచి డిసెంబరే అవుతుంది. మా ఆయన ముందు, ఈ ఆసుపత్రి ముందు, రేపు పెద్దదై నన్ను అడగబోయే ఆరాధన ముందు. ఇంత అలసటలో అదొక్కటే సుళువైన పనిగా కనపడింది. కళ్ళు మండుతున్నాయి. వేలు చెమట పట్టి జారింది. నొక్కింది చెత్తబుట్టను కాదు.

“తీసేయన్నా, రెండు కండ్లూ ఒకేమాదిరి ఉండాల!”

నా గొంతే. వరండా అంతా వినపడింది. అందులో నవ్వు ఉంది, వెనక పిల్లల అరుపులున్నాయి, గిన్నె చప్పుడుంది. ఎదురు బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన తల తిప్పాడు. అత్త ఊగడం ఆగింది.

“ఎవరిదే ఆ గొంతు?”

“నాదే అత్తా.”

“ఏం తీసేయమంటివి?”

ఫోను ఆమె చేతిలో పెట్టాను, రెండు ఫోటోలూ పక్కపక్కన వచ్చేటట్టు. ఆమె దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. అక్షరం రాని మనిషి. మేడం పాఠం వింటే నవ్విన మనిషి. పాత ఫోటో మీద వేలు పెట్టి అంది: “దీంట్లో పాప ఉండాది.” కొత్తదాని మీద పెట్టి అంది: “దీంట్లో పాప మాదిరి ఉండాది.”

తిట్టు వస్తుందని కాచుకున్నాను. అత్త ఫోను నా ఒళ్ళో పెట్టి, బైబిలు సంచి మూతి ముడి విప్పి, మళ్ళీ వేసింది. ముడి వైపు చూస్తూనే మాట్లాడింది. “నేనూ చూస్తి. నీ ఫోటోకు ముందే. కరెంటు పోయింటే ఫోను లైటు పెట్టి దానికి సంగటి తినిపిస్తాంటి. పిల్లి కన్ను మాదిరి మెరిసె. ఎవరికీ చెప్పల్యా. ఆడబిడ్డ, కంట్లో పువ్వని పేరొస్తే ఎట్ల? తల్లిని అంటారు ముందు, నిన్ను.” ముడి ఇంకోసారి బిగించింది. “క్రిస్మస్‌కు అందరికీ అగుపడె. ఇంగ దాయలేక నక్షత్రమంటి.”

నేను ఆమె వైపు చూశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెను ఇంత దగ్గర నుంచి చూడలేదేమో. ఉన్నది చెప్పాలంటే, చెవికి కమ్మ ఒకటే ఉంది. రెండోది ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. కుడి చేతి చూపుడువేలు చివర నున్నగా ఉంది, ఆ ఫ్రేము అద్దం మీద రుద్ది రుద్ది అనిపించింది. అది అనుకునేది. “ఏ నెల అత్తా, నువ్వు చూసింది?” అన్నాను. “జూలై. చెనిక్కాయలు విత్తినంక. మూడో వారమేమో, వాన పడినాది ఆ పొద్దు.” సరేనన్నాను. ఇద్దరం మళ్ళీ తలుపు వైపు తిరిగాం. ఏడవడానికి కూడా శక్తి కావాలి కదా.

డాక్టరమ్మ వచ్చింది. ముసుగు కిందికి లాగుకొని, లోపలికి రండి ఇద్దరూ అంది. కంప్యూటరు మీద ఒక ఫోటో పెట్టింది. కంటి లోపలిది, ఇప్పుడే తీశాం అంది. భయపడకుండా చూడు, నేను చెప్తాను ఏముందో. నేను చూశాను. నారింజ రంగు గుండ్రం. ఎర్రటి నరాలు చెట్టు కొమ్మల్లా పాకుతూ మధ్యకు వచ్చి ఆగిపోయాయి. మధ్యలో, సగానికి పైగా, సున్నపు ముద్ద. తెల్లగా, గరుగ్గా, అంచులు మెత్తగా. ఆ నరాలు దాని కిందికి పోయి కనపడకుండా పోయాయి. ఎవరూ అతికించింది కాదు. ఇన్ని ఫోటోలు తీశాను గానీ నా బిడ్డను ఇంత లోపలి నుంచి ఎవరూ తీయలేదు. ఆమె చెప్పింది. గడ్డ. కన్ను అంతా నిండింది, ఆ కంటికి చూపు ఇక రాదు. బయటికి పాకినట్టు కనపడ్డం లేదు, స్కానింగులో ఇంకా చూస్తాం. ఎడమ కన్ను బాగుంది. ఆమె కుర్చీ నా వైపు జరుపుకుంది. “ఈ కన్ను తీసేయాలమ్మా. ఇప్పుడు తీసేస్తే పాప బతుకుతుంది, ఆ నమ్మకం నాకుంది. ఉంచితే పాకుతుంది. మానాక ఆ చోట కన్ను లాంటిదే అమరుస్తారు, ఎడమ కంటికి సరిపోయేటట్టు చేయించి. తీసేయమంటావా?”

తీసేయాల్నా అక్కా, అన్నాడు హనుమేష్ అన్న ఆగస్టులో. అదే మాట. జవాబు కూడా అదే ఉంది నా నోట్లో. కానీ ఈసారి దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ చాలడం లేదు. అత్త వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకోలేదు, ప్రార్థన చేయలేదు, తెర మీద ఉన్నదాన్నే చూస్తోంది.

“ముందు ఇది చూడండి మేడం” అని ఫోను ఇచ్చాను. నిలబడే చెప్పాను, ఆదివారం గదిలో నిలబడినట్టే. ఇది ఆగస్టు రెండు. స్టూడియోలో, ఫ్లాష్ వేసి, ఎదురుగా నిలబడి తీసినారు. కుడి కంట్లో తెలుపు ఉంది, గుండుసూది తలకాయంత. ఈ పక్కది ఆ తెలుపు తీసేసిన ఫోటో. తీసేయమన్నది నేను. క్రిస్మస్‌దాంట్లో తెలుపు పప్పు బద్దంత ఉంది. ఈ రెండింటి మధ్య నేను తీసినవాటిల్లో కుడి కన్ను అగుపడదు. జూలైలో మా అత్త చూసింది, ఫోటో లేదు. అంతే మేడం, ఉండేది. డాక్టరమ్మ రెండు ఫోటోలూ పెద్దవి చేసి చూసింది. ఎందుకు ముందే తేలేదు అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. తన ఫోనుకు రెండూ పంపించమంది. చీటీ మీద డిసెంబరు కొట్టేసి జూలై అని రాసింది. ఆ కొట్టేసిన గీత కింద డిసెంబరు ఇంకా కనపడుతూనే ఉంది.

“తీసేయండి మేడం” అన్నాను. సంతకం పెట్టాను, కె. ప్రసన్నకుమారి, ఒత్తులు, సున్నాలు ఏవీ తప్పకుండా. మా ఆయనకు ఫోను చేసి జూలై అని చెప్పాను. బస్సు రొదలోంచే, “సరే, నంద్యాల దాటినా, వస్తాండా” అన్నాడు.

బిడ్డను తెచ్చి చేతుల్లో పెట్టారు. మత్తు ఇంకా వదల్లేదు, తల భుజం మీద వాలిపోతోంది, అయినా చెయ్యి రవిక వెతుక్కుంటోంది. ఫైలు రాసే అమ్మాయి ఫోను పట్టుకొని వచ్చింది. “ఫైలుకు ఫోటో కావాలక్కా. పాపనెత్తుకొని ఆ గోడకాడ నిలబడు. ఈడ వెలుతురు సాలదు, ఫ్లాష్ వేస్తా, పాప జడుసుకుంటుందా?”

“వెయ్యి. ఉండేది ఉన్నట్టు పడాల.”

గోడకు ఆనుకున్నాను. ఇంత పొద్దుకు వీపుకు గోడ దొరికింది. బిడ్డ తలను ఎడమ చేత్తో ఎత్తి నిలబెట్టాను, జుట్టు వెనక్కి తోశాను, కుడి పక్కది కూడా. అత్త అలవాటు ప్రకారం పక్కకు తప్పుకోబోయింది.

“నువ్వూ రా అత్తా. దిగు.”

“నేనెందుకే, ముసిల్దాన్ని...” అంటూనే వచ్చింది. నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా, చీకట్లో తడిమెట్టు మీద మనిషిని పట్టుకున్నట్టు. ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి, మా ముగ్గురినీ చూసి, రడీనా అంది. ఆరాధన వెలుగు వచ్చేవైపు ముఖం తిప్పింది. నేను కాళ్ళ వైపు చూడలేదు. దిగాం.